శిబిరపు కత్తికి చేతి కొలత పిడి

ఏ యింట చూచినను పెరటి చూరులోనో, వంటయింటి అటుక మీదనో పిడి యూడిన కత్తి యొకటి కనబడక మానదు. అలుగు చక్కగనే యుండును. ఉక్కు మంచిదే. సాన పట్టినచో మఱి పది యేండ్లు పనిచేయగలదు. కాని పిడి పగిలియుండును. లేదా కత్తి పట్టినప్పుడెల్ల పిడిలో గిఱ్ఱున తిరుగుచుండును. దానికి పాతగుడ్డ చుట్టి, పైని పురికొస బిగించి కొన్నాళ్లు గడపుదుము. తరువాత చూరులోనికి త్రోసి క్రొత్తది కొందుము. ఆ క్రొత్తదాని పిడియు రెండు మూడు వర్షకాలములకు ముందటిదాని దారినే పట్టును. కత్తి చెడినదని మనమనుకొనునది చాలవఱకు పిడి చెడుటయే.

సోదరీమణులారా, అలుగు కమ్మరి చేయవలసినదే. కొలిమియు, దాగలియు, సమ్మెటయు మన యిండ్లలో నుండవు. పిడి యట్టిది కాదు. రెండు చెక్కముక్కలు, ఒక రంపము, ఒక ఆకురాయి, గరుకు కాగితములు, నాలుగు మధ్యాహ్నముల తీరిక, ఇంత యున్న చాలును. ఇంకొక మాట కూడ కలదు. పిడి దానిని పట్టుకొను చేతికి తగియుండవలెను. అంగడి కత్తుల పిడులు ఎవరి చేతికిని ప్రత్యేకించి చేసినవి కావు. గాజులు తొడిగించుకొనునపుడు చేతి కొలత చూచుకొందుము. చెప్పులకు పాదము కొలత చూచుకొందుము. దినమునకు రెండు పూటల పట్టుకొను కత్తికి మాత్రము కొలత యొకటి యుండునని తలంపము. పిడిని చేతికి సరిచేయుటకు మాఱు చేతినే పిడికి సరిచేసికొందుము. చిటికెనవ్రేలి క్రింద కాయ కాచినచో అది మన పని గుర్తని యూరకుందుము.

ఈ పనికి నేను పూనుకొనుటకు కారణము మా పెద్దమ్మాయి శిబిరము. దానికి పదుమూడేండ్లు. పాఠశాలలో గైడుల దళమున చేరినది. శిబిరమునకు తెచ్చుకొనవలసిన వస్తువుల పట్టికలో దుప్పటి, పళ్లెము, లోటా, చేతిదీపములతో పాటు "చిన్న కత్తి" అని యుండెను. ఇంటిలో అందఱును ఆ మాట దగ్గఱనే నిలిచిపోయిరి. ఆడపిల్లకు కత్తి యేల, కూరలు తరుగుటకు అక్కడ కత్తిపీట యుండదా యని మా అత్తగారు. పట్టణములో మడత కత్తి కొనియిచ్చిన సరిపోవునని మావారు. మడత కత్తి నేనొకటి చూచితిని. చిన్న వ్రేళ్లమీద అది ముడుచుకొనునేమో యని నాకు భయము. నిలువు కత్తికి మడత లేదు, ఆ భయమును లేదు.

ఆడపిల్లకు కత్తి యేల యను ప్రశ్నకు నాకు బాల్యమున వల్లెవేయించిన అమరకోశమే సమాధానము తెచ్చియిచ్చినది. ఖడ్గమునకు చెప్పిన పేర్లకు సమీపముననే అమరసింహుడు చిన్న కత్తికి పర్యాయపదములు చెప్పినాడు: శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక. నాలుగును స్త్రీలింగములే. అందులో అసిపుత్రి యనగా ఖడ్గము కూతురని గదా! కత్తియే కూతురైనపుడు కూతురికి కత్తి తగదనుట యెట్లని నేననగా అత్తగారు నవ్విరి కాని యొప్పుకొనలేదు.

గైడుల ఉద్యమమే ఆడపిల్లలు అడిగి తెచ్చుకొన్నది. 1907లో ఇంగ్లండున బ్రౌన్సీ దీవిలో బేడెన్ పవెల్ మగపిల్లలతో మొదటి ప్రయోగ శిబిరము నడపెను. 1909లో లండను నగరపు క్రిస్టల్ పాలెసులో జరిగిన స్కౌటుల సమ్మేళనమునకు కొందఱు బాలికలు పిలువకయే వచ్చి తమకును చోటు కావలెననిరి. మఱుసటి యేడు వారికి ప్రత్యేక సంఘము ఏర్పడెను. మన దేశమున 1911లో జబల్పూరున మొదటి దళము మొదలయ్యెను. శిబిరమున కత్తితో చేయవలసిన పనులు సామాన్యమైనవి: త్రాడు కోయుట, గుడారపు మేకులకు మొన చెక్కుట, పొయ్యి రగిలించుటకు పుల్లలు సన్నముగ చీల్చుట, కూర తరుగుట. ఇందులో వీరత్వ మేమియు లేదు. కాని యీ పనులకు మొండికత్తియు, జాఱు పిడియు నిచ్చి పంపినచో బిడ్డ చేయి తెగుట నిశ్చయము.

ఇట్టి పనులకు అలుగు 4 అంగుళముల పొడవు, అంగుళము వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందము మించనక్కరలేదు. పెద్ద కత్తి మేలనుకొనుట పొరపాటు. చేయి చిన్నదైనపుడు మొన యెంత దూరమున నున్న అంత అదుపు తప్పును. 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము ననుసరించిన నియమములలో 9 అంగుళములకు మించిన పొడవు గాని, 2 అంగుళములకు మించిన వెడల్పు గాని గల అలుగులు, ఇంటిపనికిని సేద్యమునకును ఉద్దేశించినవి కానిచో, ఆయుధముల లెక్కకు వచ్చును. మన కత్తి ఆ హద్దునకు చాల లోపల నున్నది. విమానప్రయాణమున మాత్రము దీనిని చేతిసంచిలో నుంచుకొనరాదు.

పిల్లలకు కత్తి నిచ్చి నేర్పు ఆచారము ఉత్తర ఐరోపాలో స్థిరముగ నున్నది. 1866లోనే ఫిన్లండు తన ప్రజాపాఠశాలలలో చేతిపనిని పాఠముగా చేర్చినది. మన దేశమున 1937లో వార్ధాలో గాంధీగారు ప్రతిపాదించిన విద్యాపద్ధతియు చేతిపని చుట్టునే అల్లబడినది గాని, మన బడులలో అది నిలువలేదు. ఫిన్లండువారు తమ చిన్న కత్తిని పూకో యందురు. స్వీడనులో మోరా యను పట్టణ ప్రాంతమున చేయు కత్తులకును అంతటి పేరున్నది. ఆ మోరా కత్తుల పాత పిడులు ఎఱ్ఱరంగు పూసిన భూర్జపు కఱ్ఱవి. ఇప్పుడు పెక్కింటికి ప్లాస్టిక్ పిడులు వచ్చినవి. పూకోలలో కొన్నింటికి భూర్జపు పట్టను పలుచని బిళ్లలుగా కోసి, ఒకదానిపై నొకటి పేర్చి, నొక్కి పిడిగా చేయుదురు. తడిసినను అది చేతిలో జాఱదట. కుమారసంభవమున విద్యాధర స్త్రీలు ప్రేమలేఖలు వ్రాసికొన్నదియు భూర్జపు పట్టమీదనే. ఒక జాతి చెట్టు హిమవంతమున కాగితమైనది, ఫిన్లండున కత్తిపిడి యైనది.

మనకు భూర్జము లేదు. ఉక్కు మాత్రము మనదే. వూట్జ్ అని పాశ్చాత్యులు వ్రాసినది మన యుక్కు అను మాటకు వచ్చిన వికారమే. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కరగించిన యుక్కు కొఱకు పారసీక వర్తకులు వచ్చెడివారు. 1819లో మైకేల్ ఫారడే దానిని పరీక్షించి వ్యాసము వ్రాసెను. ఆ కొలుములు చల్లారి చాల కాలమైనది. ఇప్పుడు మన యూళ్ల కమ్మరులు ఎక్కువగ లారీల పాత కమాను పట్టీలను సాగగొట్టి కొడవళ్లును కత్తులును చేయుచున్నారు. ఆ పట్టీలలో బొగ్గు పదార్థము నూటికి అర పాలుకు కొంచెము పైగ నుండును. అది శిబిరపు కత్తికి ఎంతయు తగినది. గట్టిగా నుండియు పెళుసుగ విఱుగదు. మెఱయు స్టెయిన్‌లెస్ ఉక్కునకు తుప్పు బాధ తక్కువ. కాని ఇంటి సానరాతికి కమ్మరి కత్తియే సులభముగ లొంగును. అందువలన నేను కమ్మరియొద్ద పిడి లేని అలుగును చేయించితిని.

అలుగునకు వెనుక పిడిలోనికి పోవు భాగమును తోక యనుకొందము. సన్నని తోకను కఱ్ఱలో తొలిచిన రంధ్రమున దిగగొట్టుట యొక పద్ధతి. మన కూరకత్తులు తఱచుగ అట్టివి. తోక పిడి యంత వెడల్పును పొడవును గలిగి, దానికి ఇరుప్రక్కల చెక్కలు తాపుట రెండవ పద్ధతి. క్రొత్తగ చేయువారికి ఈ రెండవదే మేలు. ఒక చెక్క చెడినచో అది తీసి వేఱొకటి వేయవచ్చును. విఱుగుటకు సన్నని చోటు లేదు. కమ్మరితో ముందుగనే చెప్పి, ఉక్కునకు పదును పెట్టకముందే తోకకు మూడు రంధ్రములు వేయించుకొనవలెను. గట్టిపడిన యుక్కును తరువాత సామాన్యపు బరమా తొలువజాలదు. పదును సరిగ పెట్టినాడో లేదో తెలిసికొనుటకు ఆకురాతిని అంచుమీద తేలికగ జరపి చూడుడు. ఆకురాయి జాఱిపోయినచో ఉక్కు గట్టిపడినది. కొఱికి పట్టుకొన్నచో ఇంకను మెత్తగ నున్నది. తిరిగి కొలిమికి పంపవలసినదే.

కమ్మరి యిచ్చిన అలుగు నల్లని పొరతో, సమ్మెటదెబ్బల గుంటలతో నుండును. రాత్రి యంతయు దానిని వినిగరులో నానబెట్టినచో పొర వదలును. తరువాత అలుగును చేత పట్టుకొనక, ఒక పలకమీద వెల్లకిల పరుండబెట్టి, రంధ్రములలో మేకులు దిగగొట్టి కదలకుండ చేసికొనుడు. గరుకు కాగితమును చిన్న కొయ్యముక్కకు చుట్టి, నీళ్లు చల్లుచు రుద్దవలెను. అంగళ్లలో ఉప్పుకాగితమని యడిగిన ఇత్తురు. మొదట 120వ నంబరు, పిమ్మట 220, చివరకు 400. ఒక నంబరుతో నిలువుగ రుద్దినచో తరువాతి దానితో అడ్డముగ రుద్దుడు. ముందటి గీతలు పూర్తిగ మాసినవో లేవో అప్పుడు తెలియును. ఈ పనిలో త్వరపడినవారికి చివరన నిగనిగలాడు అలుగుమీద మొదటి గీతలు వెక్కిరించుచు కనబడును. మరసాన మీద పెట్టి చిటికెలో ముగించుకొందమని తలంపరాదు. ఉక్కు వేడెక్కి సుమారు 220 డిగ్రీల యొద్ద గడ్డిరంగునకును, 300 డిగ్రీల ప్రాంతమున నీలిరంగునకును తిరుగును. అంచు నీలమైనచో అచ్చటి గట్టిదనము పోయినట్లే. దానిని సానరాయి తిరిగి తేజాలదు.

మెఱుగు పెట్టిన ఇనుపకత్తి ఒక్క చినుకునకే తుప్పు పట్టునని భయపడవలదు. వంకాయయో అరటికాయయో తరిగిన ఇనుపకత్తి నల్లబడుట మనమెఱిగినదే. ఆ నలుపు తుప్పు కాదు. కాయలోని వగరు ఇనుముతో కలిసి కట్టిన పొర. శ్రీకాళహస్తి, పెడనల కలంకారీవారు కరక్కాయ నీట ముంచిన బట్టమీద బెల్లమున ఊఱిన ఇనుపనీటితో నల్లగీతలు తీయుటయు ఈ గుణమును బట్టియే. కాబట్టి మెఱుగు ముగిసిన అలుగును నూనె లేకుండ కడిగి, వేడి చింతపండు రసములోనో వినిగరులోనో కొంతసేపు ముంచి తీసి, కడిగి, ఆరబెట్టి, కరక్కాయ కషాయము పూయుడు. రెండు మూడు సార్లిట్లు చేసినచో కాటుకవంటి నలుపు తిరుగును. ఎఱ్ఱతుప్పు త్వరగ పట్టనీయకుండ ఈ పొర చాలవఱకు కాపాడును. అద్దమువలె మెఱయు కత్తికంటె నాకిదియే నచ్చినది. మెఱుపు మాయునను బెంగ పిల్లకుండదు.

ఇక కఱ్ఱ. పిడికి అన్నిటికంటె ముఖ్యమైనది చేవ. చెట్టు నడిమి భాగము ముదిరి రంగు తిరిగి గట్టిపడినది చేవ. బెరడునకు లోపల నుండు తెల్లచెక్కకు పురుగును తేమయు త్వరగ పట్టును. కొండపల్లి బొమ్మలు చేయు పొణికి, ఏటికొప్పాకవారు లక్కబొమ్మలకు వాడు అంకుడు కఱ్ఱ చూచుటకు ముచ్చటగ నుండును గాని, అవి బొమ్మలకే తగినవి. టేకు తేమకు ఉబ్బదు, పగులదు. అయితే దానిలోని సహజమైన నూనె జిగురును పట్టనీయదు, కావున అంటించుటకు ముందు స్పిరిటుతో తుడువవలెను. ఇరుగుడు కఱ్ఱ నలుపు చాఱలతో రాజసముగ నుండును. దాని పొడి కొందఱికి చర్మముమీద దద్దురు లేపును. ఎఱ్ఱచందనపు ముక్క యెవరైన తెచ్చియిచ్చినను పుచ్చుకొనకుడు. మన తూర్పుకనుమలలో తప్ప వేఱెచ్చటను సహజముగ పెరుగని చెట్టది, దొంగనఱకులకు బలియగుచున్నది. చింతచేవ, నల్లతుమ్మ, సండ్ర మన యూళ్లలో దొరకు మేలైన పిడికఱ్ఱలు. కటికవారు మొద్దునకు చింతను, బండ్లవారు చక్రమునకు నల్లతుమ్మను ఊరక యెన్నుకొనలేదు గదా.

ఏ కఱ్ఱ యైనను పచ్చిగ నుండరాదు. ఆఱునపుడు కఱ్ఱ నిలువున దాదాపు తఱుగదు, అడ్డమున తఱుగును. నేడు అతికినట్లున్న పచ్చిచెక్క ఆఱు నెలలలో తోకకంటె ఇఱుకై, ఉక్కు అంచులు బయటపడి అఱచేయి గీయును. అంగుళము మందపు పలక ఆఱుటకు ఇంచుమించు ఏడాది పట్టునని వడ్రంగులు చెప్పుదురు. అందుచే పాత సామానులే మనకు గనులు: విఱిగిన మంచపుకోడు, పాత ద్వారబంధము, పగిలిన రోకలి. కత్తి వలదన్న మా అత్తగారే మూడవనాడు అటుక మీదినుండి సండ్ర రోకలి ముక్క యొకటి దింపించిరి. ఆమె కాపురమునకు వచ్చిన నాడు దంచినది. "పిల్ల చేతిలో జాఱని దేదో చేయవలెనన్నచో దీనితో చేయుము" అనిరి. నలువది యేండ్లుగ ఎండిన కఱ్ఱ! రంపమునకు లొంగుటకు ఒక సాయంకాలము పట్టినది.

ఆ ముక్కను నిలువున రెండుగ చీల్చి, పుస్తకము విప్పినట్లు లోపలి తట్టులను తోకవైపు పెట్టితిని. అప్పుడు ఇరుప్రక్కల కఱ్ఱ గీతలు జతగ వచ్చును. గీతలు పిడి పొడవున పోవలెను. అడ్డముగ నున్నచో విఱుగును. లోపలి తట్టు ఎంత చదునుగ నున్న అతుకు అంత గట్టిది. అద్దపు ముక్కమీద గరుకు కాగితము పఱచి దానిపై చెక్కను రాచినచో వంకర యుండదు.

పిడి యాకారమునకు నేను చపాతి పిండి వాడితిని. గట్టిగ తడిపిన ముద్దను పిడి పొడవున చేసి పిల్లను పట్టుకొమ్మంటిని. కోయుచున్నట్లొకసారి, చెక్కుచున్నట్లొకసారి. ముద్దమీద ఆ చేయి తన కేమి కావలెనో తానే చెప్పినది. పొడవు 4 అంగుళములు. నడుమ చుట్టుకొలత మూడుంబావు. అంగడి కత్తి పిడి యొకటి కొలిచి చూడగా 5 అంగుళముల పొడవును, 4 అంగుళముల చుట్టును ఉండెను. పిడి గుండ్రముగ నుండరాదు, కోడిగ్రుడ్డువలె కొంచెము నిడుపుగ నుండవలెను. గుండ్రని పిడి చేతిలో తిరుగును; నిడుపైనది పట్టుకొన్న తోడనే, చీకటిలో సైతము, అంచు ఎటు నున్నదో చేతికి తెలియును. నడుమ కొంచెము ఉబ్బు, చివర చిన్న వంపు ఉన్నచో చేయి వెనుకకును ముందునకును జాఱదు. వ్రేళ్లకు గాడులు చెక్కుట అందముగ కనబడును గాని నేను చెక్కలేదు. అవి ఒక్క విధమైన పట్టునకే పనికివచ్చును, పైగా పిల్ల చేయి యింకను ఎదుగుచున్నది.

అతుకుటకు ముందు రెండు పనులు మఱవరాదు. ఒకటి, అంచునకును మొనకును గుడ్డచుట్టి పట్టీ వేయుట. రెండు, చెక్కల ముందుకొసలను, అనగా అలుగు వైపునకు వచ్చు కొసలను, నునుపు చేసి ముగించుట. అతికిన పిమ్మట అక్కడికి గరుకు కాగితము పోనిచ్చినచో అలుగు గీచుకొనిపోవును. తోకను గరుకు కాగితముతో రుద్ది, స్పిరిటుతో తుడిచి, రెండు గొట్టములలో వచ్చు ఎపాక్సీ జిగురును సమముగ కలిపి పూయవలెను. తోక రంధ్రములకు సరిగ చెక్కలకు రంధ్రములు వేయుట కష్టమైన పని. బరమా నిలువుగ దిగకున్నచో సీలలు దూరవు. వీనిని మాత్రము వడ్రంగిచేత వేయించుకొంటిని. ఇత్తడి కడ్డీ ముక్కలను సీలలుగ దించి, బిగింపు మరలతో అదిమి, ఒక పగలు ఒక రాత్రి కదపక ఉంచుడు. మిక్కిలి బిగించినచో జిగురంతయు బయటికి పోయి లోపల పొడిగ మిగులును. సీల కొనలను సుత్తితో మెల్లగ తట్టి వెడల్పు చేయవలెను. గట్టిగ కొట్టినచో చెక్క చీలును.

సన్నని తోక గల పాత కూరకత్తులకు మన పూర్వుల పద్ధతి వేఱు. పిడి రంధ్రమున లక్కపొడి నింపి, అలుగునకు తడిగుడ్డ చుట్టి, తోకను మాత్రము కాల్చి దిగనొత్తుదురు. లక్క కరగి, చల్లారి పట్టుకొనును. తడిగుడ్డ యేలనగా అలుగు వేడెక్కి పదును పోకుండుటకు. రాజపుత్రుల కత్తులకును పిడులు ఇట్లే లక్కతో బిగించెడివారు. పిడి నోరు చీలకుండ ఇత్తడి పొన్ను తొడుగుట, రోకలికి పొన్ను తొడుగుట, రెండును ఒకటే యుపాయము. వంటయింటి కత్తికి ఈ పద్ధతి నేటికిని చక్కనిదే. శిబిరమున కత్తి పొయ్యి దాపున పడియుండుటయు గలదు గనుక, వేడికి మెత్తబడు లక్కను దానికి నేను నమ్మలేదు.

జిగురు గట్టిపడిన తరువాత ఆకురాతితో ఆకారము తెచ్చి, గరుకు కాగితములతో నునుపు చేయవలెను. ఎక్కడ ఎత్తుగ నున్నదో తెలియుటకు పిల్ల అఱచేతికి బొగ్గుపొడి రాచి పిడిని గట్టిగ పట్టుకొమ్మనుడు. నల్లబడిన చోట కొంచెము రాచి, తిరిగి పట్టించి చూడుడు. మా పిడికి ఇట్లు ఐదు సార్లు జరిగినది. ఆ పిల్లకు నాకంటె ఓపిక యెక్కువ. ఈ పని పెరటిలో, ముక్కునకు మాస్కు కట్టుకొని చేయుడు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కఱ్ఱపొడిని క్యాన్సరు కలిగించు వస్తువులలో చేర్చినది. పసిపిల్లలను దాపునకు రానీయకుడు.

పిడికి నూనె పెట్టుటలో నూనెల భేద మెఱుగవలెను. ఆముదము, కొబ్బరినూనె ఎన్నాళ్లైనను ఆఱవు. పిడి జిడ్డుగనే యుండును. అవిసెగింజల నూనె గాలి సోకి కొలది దినములలో గట్టిపడి పొర కట్టును. పలుచగ పూసి, పావుగంట యాగి, మిగిలినది తుడిచి, రెండు దినములు ఎండనిచ్చి మఱల పూయుడు. ఇట్లు మూడు సార్లు. రంగుల అంగడిలో కాచిన నూనె యని యమ్ముదానిలో లోహపు మందులు కలియును గనుక, తిండి కోయు కత్తికి పచ్చినూనెయే కోరుడు. ఇంకొక హెచ్చరిక, ఇది మిక్కిలి ముఖ్యము. అవిసెనూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలకు పడవేయరాదు. నూనె గట్టిపడునపుడు వేడి పుట్టును. ఉండలో ఆ వేడి పోవు దారి లేక, నిప్పు తగులకయే గుడ్డ అంటుకొనును. ఆ గుడ్డను నీట ముంచియో, బయట విప్పి పఱచి ఆఱనిచ్చియో పాఱవేయుడు.

పదును చిట్టచివరి పని. అంత వఱకు అంచు మొండిగ నుండుటయే చేతులకు క్షేమము. కూరకత్తికి సన్నని అంచు మేలు. కఱ్ఱ చెక్కు శిబిరపు కత్తికి ప్రక్కకు ఇరువది డిగ్రీలకు కొంచెము పైగ వాలు కావలెను. దానికి కొలబద్ద అక్కరలేదు. కాగితము మూలను సగమునకు మడిచి, మఱల సగమునకు మడిచినచో ఇరువది రెండున్నర డిగ్రీలు వచ్చును. ఆ మడతను సానరాతిమీద నిలిపి, అలుగును ఆ వాలున ఉంచి, రాతినుండి పలుచని పొర చెక్కుచున్నట్లు ముందునకు జరపవలెను. ఒక ప్రక్క చాలునని తెలియుటకు గుర్తు కలదు. రెండవ ప్రక్కన అంచు పొడవున సన్నని ఇనుప తీగ వంటిది వ్రేలికి తగులును. అప్పుడు ప్రక్క మార్చి, పిమ్మట సన్నరాతిమీద మెల్లగ నడిపి, పాత తోలుపటకా లోపలి తట్టున అంచును వెనుకకు లాగినచో ఆ తీగ రాలిపోవును. పదునును బొటనవ్రేలితో పరీక్షించు అలవాటు మానుడు. పాత పత్రికకాగితమును గాలిలో పట్టుకొని కోసినచో చిరుగక తెగవలెను. మొండికత్తి తక్కువ ప్రమాదమని అనుకొనువారు కలరు. మొండిదానిని బలముతో నెట్టవలసివచ్చును, నెట్టిన చేయియే జాఱును.

కత్తి యిచ్చునపుడు పిల్లకు నాలుగు మాటలు చెప్పితిని. కూర్చుండి కోయవలెను. అంచు ఒంటికి దూరముగ పోవలెను. చేయి చాచి చుట్టు తిప్పినచో అందునంత మేర ఎవరును ఉండరాదు. ఇతరులకిచ్చునపుడు పిడి వారివైపుండవలెను. తప్పినచో కత్తి నాయొద్దకు తిరిగి వచ్చునని కూడ చెప్పితిని. శిబిరమునుండి అది పిడిమీద మసి మరకలతో, మొన కొంచెము వంగి వచ్చినది. మొనను సానరాతిమీద సరిదిద్దుకొనుట పిల్లకే అప్పగించితిని.

ఒఱను తోలుతో కుట్టించుకొనవచ్చును; మందపు కాన్వాసు మడతలు కుట్టి, అంచువైపు వెదురుదబ్బ పెట్టినను చాలును. ఏది యైనను అది మోసికొనిపోవుటకే గాని దాచుటకు కాదు. తోలు తేమను పట్టియుంచును. నెలలకొలది అందులో నున్న కత్తికి లోపలనే తుప్పు పుట్టును. ఇంటికి వచ్చిన తోడనే తీసి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అలుగునకు పలుచగ ఆముదము రాచి, పిల్లల చేతికందని అరలో పొడికాగితమున చుట్టి పెట్టుడు. వర్షకాలమున పక్షమునకొకసారి తీసి చూచినచో మేలు.